రోములో సెయింట్ పీటర్స్ లోపలి కంచు మంటపం చూపించడానికి మా మామను తీసుకెళ్తున్నాం, ఎంతసేపు పెట్టుకోవాలి?

అలిపిరి మెట్లు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా అన్న మిలాన్‌లో పనిచేస్తున్నాడు, వచ్చే నెల అమ్మకీ నాకూ మామకీ (అమ్మ తమ్ముడు) టికెట్లు తీశాడు. రోములో మాకు దొరికేది ఒకటిన్నర రోజే, అందులో వాటికన్‌కి ఒక పూట.

మామ ముప్ఫై ఏళ్ల నుంచి విగ్రహాలు పోసే పనిలో ఉన్నాడు. పంచలోహం, కంచు, ఇత్తడి, అన్నీ. కొలోసియం చూద్దామా మామా అంటే చూద్దాంలే అన్నాడు గానీ, సెయింట్ పీటర్స్ చర్చి నడిమధ్యలో నాలుగు మెలి తిరిగిన స్తంభాలతో ఒక పెద్ద కంచు మంటపం ఉంది కదా, దాని ఫోటో చూసిన రోజు నుంచి వేరే మాట లేదు. "ఇది పోత పనా, రేకు పనా? అంత పొడుగు స్తంభం ఒక్క పోతలో రాదు, అతుకులు ఎక్కడ దాచినారో చూడాల" అని ఫోన్‌లో ఫోటోని పెద్దది చేసి చేసి చూస్తున్నాడు. నాకు దాని పేరు బాల్డాకినో అని, చేసినాయన బెర్నీని అని, అంతవరకే తెలుసు.

నా టెన్షన్ ఏంటంటే, మామ బయటి ఊరికి ఎక్కడికి పోయినా పంచె కట్టే పోతాడు, నామం పెట్టుకోకుండా గడప దాటడు. అక్కడ లోపలికి రానిస్తారా? దగ్గరికి పోయి చూడనిస్తారా లేక తిరుమలలో లాగా జరగండి జరగండి అంటారా? ఒక గంట సరిపోతుందా? అమ్మకు మోకాళ్ల నొప్పులు. వెళ్లొచ్చినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి. మామ ఇంత ఆశపడి అడిగింది నా జ్ఞాపకంలో ఇదే మొదటిసారి, సరిగ్గా చూపించాలని ఉంది.

గ్రీమ్స్‌పేట:

మాది చిత్తూరు, మేము కథోలికులం. మా నాయన, అమ్మతో కలిసి వెళ్లొచ్చాను. ముందు మీ భయం తీరుస్తాను. అక్కడ చూసేది భుజాలూ మోకాళ్లూ కప్పి ఉన్నాయా లేదా అని మాత్రమే. మామ పంచె పాదాల దాకా ఉంటుంది, పైన చొక్కా ఉంటుంది, ఇంక అడ్డేముంది? నామం గురించి ఎవరూ అడగరు. అమ్మ చేతులు జోడించి దండం పెట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు. మా ముందు నిలబడిన జపాన్ వాళ్లు నడుము వంచి నమస్కారం చేశారు.

చర్చిలోకి టికెట్ లేదు, ఉచితం. మ్యూజియం వేరు, దానికి టికెట్ ఉంటుంది, ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది పొరపడతారు. చౌకులో "క్యూ లేకుండా తీసుకెళ్తాం" అని వెంటపడేవాళ్లకు డబ్బులు ఇవ్వకండి. క్యూ ఎందుకంటే ఎయిర్‌పోర్ట్‌లో లాగా సామాన్లు స్కాన్ చేస్తారు. పొద్దున ఏడింటికే తలుపులు తీస్తారు, ఆ టైముకు వెళ్తే చాలా తొందరగా లోపల ఉంటారు, పది దాటాక వెళ్తే ఎండలో నిలబడాలి, అమ్మకు కష్టం. బుధవారం పొద్దున మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు పోపు గారు చౌకులో జనానికి దర్శనం ఇస్తారు, చర్చిలోకి వెళ్లడం కుదరకపోవచ్చు.

ఇంక ఆ మంటపం ఎందుకు అక్కడ ఉందో ఒక్క మాట. కింద ఉన్నది పోపు గారి బలిపీఠం. మామూలుగా అక్కడ దివ్యబలిపూజ చేసేది పోపు గారే. ఆ పీఠానికి సరిగ్గా కింద, నేల లోపల, పునీత పేతురు గారి (సెయింట్ పీటర్, యేసు శిష్యుడు) సమాధి. క్రీస్తుశకం నాలుగో శతాబ్దంలో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ఆ సమాధి మీదే మొదటి చర్చి కట్టించాడు, అది పాతబడితే 1506లో ఇప్పుడున్నది మొదలుపెట్టారు, ప్రతిష్ఠ జరిగేసరికి 1626 అయింది. 1940ల్లో పీఠం కింద తవ్వితే పాత రోమన్ల శ్మశానం, సమాధుల వరసలు బయటపడ్డాయి. పీఠం ముందు మెట్లు దిగి ఒక గుంటలాంటి చోటు ఉంటుంది, చుట్టూ దీపాలు ఎప్పుడూ వెలుగుతుంటాయి. మా అమ్మ అక్కడ కటకటాల దగ్గర నిలబడి చాలాసేపు కదల్లేదు. మంటపం ఎంత గొప్పదైనా అది ఆ సమాధికి పట్టిన గొడుగు. మీ మామకు ఇది ముందే చెప్పండి, తిరుపతి మనిషికి వెంటనే అర్థమవుతుంది.

అన్నట్టు మంటపం దగ్గరికి అంటే మరీ తాకేంత దగ్గరికి పోనివ్వరు, చుట్టూ అడ్డుకట్ట ఉంటుంది. కానీ జరగండి అనేవాళ్లు లేరు. మీకు ఓపిక ఉన్నంతసేపు నిలబడవచ్చు. కూర్చోడానికి మాత్రం పెద్దగా ఏమీ దొరకవు.

కళంకారి దారం:

నేను తిరుపతిలోనే శిల్పం నేర్చుకున్నాను, ఇప్పుడు పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను. 2025లో రోముకు వెళ్లాను, ముఖ్యంగా దీని కోసమే. మీ మామ ప్రశ్న చదివి చాలా సంతోషం వేసింది, ఎందుకంటే అక్కడ ఫోటోలు తీసుకునే వందలమందిలో పోత పనా రేకు పనా అని అడిగేవాడు ఒక్కడు దొరకడు.

స్తంభాలు పోత పనే. మనం చేసే పద్ధతే, మైనంతో బొమ్మ చేసి, పైన మట్టి పూసి, కాల్చి మైనం కరిగించి, ఆ ఖాళీలో కంచు పోయడం. మన శాస్త్రాల్లో మధూచ్ఛిష్ట విధానం అంటారే, అదే. మీ మామ చెప్పినట్టే ఒక్క పోతలో రాదు, ఒక్కో స్తంభాన్ని ముక్కలుగా పోసి ఒకదాని మీద ఒకటి నిలబెట్టారు, లోపల బోలు. అడుగు భాగంలో మెలి తిరిగిన గాడులు ఉంటాయి, ఆ పైన రెండు భాగాల్లో లారెల్ కొమ్మలు, వాటి మధ్య చిన్న పిల్లలు. ఒక భాగం అయిపోయి ఇంకో భాగం మొదలయ్యే చోట ఆకుల పట్టీ ఉంటుంది చూడమనండి. కప్పు మొత్తం కంచు కాదు, అక్కడ చెక్క కూడా ఉంది, పైన బంగారు పూత. కాబట్టి మామ అడిగిన రెండు పనులకూ అక్కడ చోటుంది.

బెర్నీనికి ఈ పని దొరికినప్పుడు వయసు పాతికేళ్లు. పుట్టింది 1598లో, పోపు ఎనిమిదో అర్బన్ ఈ పని అప్పగించింది 1624లో. ఎత్తు దాదాపు 29 మీటర్లు, అంటే తొమ్మిది పదంతస్తుల మేడంత. అంత ఎత్తని లోపల నిలబడినప్పుడు అస్సలు అనిపించదు, ఎందుకంటే పైన ఉన్నది మైకెలాంజెలో గోపురం, దాని కొస నేల నుంచి 136 మీటర్లు. పక్కన నడిచే మనుషులను చూసి, మళ్లీ స్తంభం అడుగున ఉన్న పాలరాతి దిమ్మెను చూస్తే, ఆ దిమ్మే మనిషి కంటే ఎత్తుందని అప్పుడు తెలుస్తుంది. నాకు ఆ క్షణంలో ఒళ్లు జలదరించింది.

బాల్డాకినో అనే మాటకు అసలు అర్థం గుడ్డ. పాత ఇటాలియన్‌లో బాగ్దాద్‌ని బాల్దాక్కో అనేవాళ్లు, అక్కడి నుంచి వచ్చే పట్టుబట్టకు ఆ పేరు, ఆ బట్టతో కట్టే చాందినీకి కూడా అదే పేరు. మనవాళ్లు మేల్కట్టు అనేది అదే. పీఠం మీద నాలుగు స్తంభాల రాతి మంటపం కట్టడం చర్చిల్లో ఎప్పటి నుంచో ఉంది, ఊరేగింపులో నాలుగు కర్రల మీద చాందినీ పట్టుకు నడవడం వేరే ఆచారం. బెర్నీని ఈ రెండింటినీ ఒకటి చేశాడు. పైన అంచు చుట్టూ వేలాడే కుచ్చులు చూడండి, కంచు అని తెలిసి కూడా గాలికి ఊగుతాయేమో అనిపిస్తుంది. మన బ్రహ్మోత్సవాల్లో స్వామి మీద గొడుగు పట్టి నడుస్తుంటే అంచులు ఊగుతాయి చూడండి, ఆ ఊగుడు మధ్యలో ఆగిపోయి లోహమైపోయినట్టు ఉంటుంది. నాకు దాంట్లో అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. బరువైనదాన్ని బరువు లేనట్టు నిలబెట్టడం. కప్పు లోపలి వైపు, పీఠానికి సరిగ్గా పైన, కిరణాల మధ్య పావురం ఉంటుంది, పవిత్రాత్మకు గుర్తు. తల బాగా ఎత్తితేనే కనబడుతుంది.

ఇంకోటి. ఎక్కడ చూసినా తేనెటీగలు. అవి పోపు అర్బన్ ఇంటివాళ్ల గుర్తు, బార్బెరీని వంశం. ఆ ఈగ బొమ్మను పోయాలంటే ముందు తేనెమైనంతోనే చేయాలి కదా. ఇది మీ మామకు చెప్పండి, పోత పోసే మనిషికి ఈ మాట వేరేలా వినబడుతుంది. ఆకుల మధ్య చిన్న బల్లులు కూడా ఉంటాయి. కొన్నిచోట్ల మైనపు బొమ్మ బదులు నిజమైన బల్లినీ ఈగనీ అచ్చులో పెట్టి కాల్చి ఆ ఖాళీలోనే కంచు పోశారని కళా చరిత్రకారులు చెబుతారు. మన వైపు వాళ్లకు బల్లి అంటే కంచి బంగారు బల్లి గుర్తొస్తుంది, అమ్మకు అది చూపించండి.

మంటపాన్ని 1758 తర్వాత మొదటిసారి 2024లో పూర్తిగా శుభ్రం చేశారు. ఫిబ్రవరిలో పరంజా కట్టి, అక్టోబరు ఆఖరుకు తీసేశారు, 2025 జూబిలీ సంవత్సరానికి (కథోలికుల పుణ్య సంవత్సరం) ముందు. పాత ఫోటోల్లో అంతా నల్లగా ఉంటుంది, ఇప్పుడు ఆకుల మీద బంగారం తెలుస్తోంది. మీరు మంచి సమయంలో వెళ్తున్నారు. ఒక గంట చాలదండీ, మామకు మూడు గంటలు ఇవ్వండి. చిన్న బైనాక్యులర్ తీసుకెళ్లండి, తప్పకుండా.

చంద్రగిరి కోట:

అందరూ గొప్పగా రాశారు, నేను కాదనడం లేదు. కానీ ఆ కంచు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా మామకు చెప్పాలి. రోములోనే పాంథియన్ అని ఉంది, దాదాపు రెండు వేల ఏళ్ల కట్టడం. దాని ముందు వరండా కప్పుకు కంచు దూలాలు ఉండేవి. 1625లో ఇదే పోపు అర్బన్ ఆ కంచును ఊడబెరికించి కరిగించాడు. అప్పట్లో రోము జనం గోడ మీద ఒక మాట రాసి అంటించారు, "అనాగరికులు చేయని పని బార్బెరీనీలు చేశారు" అని. ఒక పాత గుడి కప్పు విప్పి ఇంకో గుడికి అలంకారం చేయడం నాకు బాధగానే ఉంటుంది. మన కోటలు, గుళ్లు ఎన్ని ఇలాగే పోలేదు? చంద్రగిరి చూసినవాళ్లకు తెలుస్తుంది ఆ బాధ.

కళంకారి దారం:

అన్నా, మీరు చెప్పింది నిజం, నేను రాయాల్సింది, మర్చిపోయాను. ఒక్కటి మాత్రం చేరుస్తాను. పాంథియన్ నుంచి తీసిన కంచులో ఎక్కువ భాగం మంటపానికి కాదు, రోములోని సాంత్ ఆంజెలో కోట ఫిరంగులకు పోయింది. మంటపానికి కావలసిన కంచు వేరేచోట్ల నుంచి, వెనిస్ నుంచి కూడా తెప్పించారు. జనం మాత్రం కోపంతో మొత్తం మంటపం మీదకే తోశారు. దాంతో బాధ తగ్గుతుందని కాదు. కంచుకు ఇది మామూలే, గుడిలో ఉన్నంతకాలం విగ్రహం, యుద్ధం వస్తే ఫిరంగి. అందుకే అంత పాత కంచు విగ్రహాలు ఏ దేశంలోనైనా అంత తక్కువ మిగిలాయి. తిరుమలలో మహాద్వారం దాటగానే చేతులు జోడించి నిలబడిన కృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరుల రాగి విగ్రహాలు చూసినప్పుడల్లా ఇవి మిగలడం ఎంత అదృష్టం అనుకుంటాను.

వాటికన్ నుంచి పాంథియన్ నడక అరగంట. అమ్మకు ట్యాక్సీ పెట్టండి. లోపలికి టికెట్ ఉంది కానీ వరండాలో నిలబడి తల ఎత్తితే ఇప్పుడున్న చెక్క దూలాలు కనిపిస్తాయి, దానికి డబ్బు అక్కర్లేదు. ఒకే రోజు రెండూ చూస్తే మామకు మొత్తం కథ తెలుస్తుంది.

గ్రీమ్స్‌పేట:

ఇంకో విషయం మర్చిపోయాను. గోపురం ఎక్కడానికి వేరే టికెట్ ఉంటుంది. మొత్తం 551 మెట్లు, లిఫ్ట్ తీసుకుంటే పైన 320 మిగులుతాయి. కానీ మీకు అన్నీ అక్కర్లేదు. లిఫ్ట్‌లో డాబా దాకా వెళ్లి, కొన్ని మెట్లు ఎక్కితే గోపురం లోపలి వైపు గుండ్రటి నడవా వస్తుంది, కంచె పక్క నుంచి తొంగి చూస్తే మంటపం నెత్తి మీద నుంచి కనబడుతుంది, పైన ఉన్న గోళం, శిలువ, నాలుగు మూలల నుంచి వంగి వచ్చి కలిసే కమ్ములు, అన్నీ. మొదట అక్కడ శిలువ కాదు, పునరుత్థానమైన క్రీస్తు విగ్రహం పెట్టాలనుకున్నారట, స్తంభాలు ఆ బరువు మోయలేవని మానుకున్నారు. మామకు ఇది నచ్చుతుంది. అమ్మను కిందే ఉంచండి.

అలిపిరి మెట్లు:

అందరికీ చాలా చాలా థాంక్స్. మొత్తం ప్రింట్ తీసి మామకు చదివి వినిపించాను. తేనెమైనం మాట దగ్గర ఆపి "ఇంకోసారి చదువు" అన్నాడు. పాంథియన్ సంగతికి మాత్రం ఏమీ అనలేదు, చాలాసేపు అలా కూర్చున్నాడు. ఒక చిన్న ప్రశ్న. దిమ్మెల మీద ఆడమనిషి ముఖాలు ఉన్నాయని అన్న ఎక్కడో చదివాడు, అవేంటి?

కళంకారి దారం:

అవును, అది చెప్పకపోవడం నా తప్పే. నాలుగు స్తంభాల కింద నాలుగు పాలరాతి దిమ్మెలు, ఒక్కోదానికి బయటి వైపు రెండు డాలు గుర్తులు, మొత్తం ఎనిమిది. ప్రతి డాలులోనూ మూడు తేనెటీగలు, దాని పైన ఒక ముఖం. ముందు వైపు ఎడమ దిమ్మె దగ్గర మొదలుపెట్టి మనం ప్రదక్షిణ చేసే దిక్కులోనే నడవాలి. మొదట ముఖం మామూలుగా ఉంటుంది, తర్వాత తర్వాత నొప్పి పెరుగుతూ పోతుంది, నోరు తెరుచుకుంటుంది, జుట్టు చెదురుతుంది, కింద డాలు కూడా కడుపులా ఉబ్బుతూ వస్తుంది. చివరిదాంట్లో, ముందు కుడి వైపు, తల్లి ముఖం ఉండదు. నవ్వే పసిబిడ్డ ముఖం ఉంటుంది. పురిటి నొప్పులు, కాన్పు. పోపు గారి బంధువుల అమ్మాయికి కాన్పు కష్టమై గట్టెక్కినందుకు మొక్కు అని ఒక కథ చెబుతారు, ప్రసవించేది చర్చి అనే తల్లి అని ఇంకొందరు అంటారు. ఏ కథ నమ్మినా, పక్కనే నడిచిపోయే జనంలో ఎక్కువమంది వీటిని చూడరు. అమ్మను ఈ దారిలోనే నడిపించండి. వెనక వైపు పూజ జరుగుతుంటే అటు కట్టేస్తారు, అప్పుడు అయిపోయేదాకా ఆగండి, వదిలిపెట్టకండి.

అలిపిరి మెట్లు:

మొన్న రాత్రి తిరుపతి చేరాం. వెంటనే రాయాలనుకున్నాను గానీ నిద్ర, సామాన్లు, చుట్టాలు.

పొద్దున ఏడింటికి ముందే క్యూలో నిలబడ్డాం, ఇరవై నిమిషాల్లో లోపల ఉన్నాం. పంచె గురించి ఎవరూ ఏమీ అనలేదు. మామ లోపలికి రాగానే దాని వైపు గబగబా పోతాడనుకున్నాను, కానీ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అంత దూరం నుంచి స్తంభాల మధ్యలో నుంచి వెనక గోడ మీద పసుపు వెలుగు కిటికీ కనబడుతుంది, దాన్ని చూస్తూ "గర్భగుడిలో దీపం మాదిరి పెట్టినారు" అన్నాడు. అదీ బెర్నీని పనే అని, మంటపం అయిపోయిన ఇరవై ఏళ్లకు పైగా గడిచాక చేశాడని అన్న చెప్పాడు.

తర్వాత మూడు గంటలు అక్కడే. బైనాక్యులర్ ఎంత పనికొచ్చిందో చెప్పలేను. ఆకుల పట్టీల దగ్గర చాలాసేపు వెతికి, "అతుకు ఈడనే ఉండాల, నేనైనా ఈడనే దాస్తా" అన్నాడు. బల్లి మాకు దొరకలేదు, ఈగలు మాత్రం లెక్కలేనన్ని. నీళ్లు తాగించడానికి బయటికి తీసుకెళ్లి మళ్లీ తీసుకురావాల్సి వచ్చింది, రెండోసారి కూడా అంతే శ్రద్ధగా మొదటి నుంచి చూశాడు. గోపురం లోపలి నడవా నుంచి కిందికి చూసినప్పుడు మాత్రం ఆయన మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. "ఇంత బరువు ఎట్ల లేపినారు, ఎంతమంది పట్టినారు, వాళ్ల పేర్లు ఎవరైనా రాసిపెట్టినారా" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

అమ్మ ఎనిమిది ముఖాల చుట్టూ తిరిగింది. వెనక వైపు పూజ అయిపోయేదాకా నలభై నిమిషాలు ఆగాం. ఏడో ముఖం దగ్గర నా చెయ్యి పట్టుకుంది, ఎనిమిదో దాని దగ్గర వదిలింది. నేను పుట్టినప్పుడు రుయా ఆసుపత్రిలో రెండు రోజులు నొప్పులు పడిందని ఆ సాయంత్రం హోటల్లో మొదటిసారి చెప్పింది.

పాంథియన్ వరండాలో మామ ఆ చెక్క దూలాలను చూసి దండం పెట్టాడు. నిన్న పొద్దున కార్ఖానాకు పోయి మైనం ముద్ద తీసి ఏదో చేస్తున్నాడు, ఏంటి మామా అంటే చెప్పలేదు, దగ్గరికి పోయి చూస్తే వేలెడంత కుచ్చు.